పదేళ్ల పిల్లాడికి సాకర్ ప్రైవేట్ ట్రైనర్ పెట్టించాలా, టీమ్ ప్రాక్టీస్ చాలా?

ఫ్రిస్కో నాన్న:
అందరికీ నమస్తే. మేం టెక్సాస్ ఫ్రిస్కోలో ఉంటాం, మావాడు యూ11 (పదకొండేళ్ల లోపు పిల్లల) ట్రావెల్ టీమ్‌లో, అంటే వేరే ఊళ్లకి కూడా వెళ్లి ఆడే టీమ్‌లో ఆడతాడు, వారానికి రెండు ప్రాక్టీసులు, వీకెండ్ గేమ్. పోయినేడు 7 వర్సెస్ 7లో బాగానే ఆడాడు, ఈ ఫాల్‌లో 9 వర్సెస్ 9కి వచ్చాక బాల్ కాలికి తగిలి రెండు గజాలు అవతలికి పోతోంది, ఈలోపు ఎదుటివాడు పట్టుకుపోతున్నాడు. ఎడమ కాలు ఉన్నది నిలబడ్డానికే. టీమ్‌లో సగం మందికి ప్రైవేట్ ట్రైనర్ ఉన్నాడంట, గంటకి 80 డాలర్లు అన్నాడు, నలుగురు పిల్లల గ్రూప్ అయితే తలకి 30. మా ఆవిడ గ్రూప్ చాలంటుంది, నాకేమో ఒక్కడికే అయితే త్వరగా పట్టుబడుతుంది కదా అని. మేలో ట్రైఅవుట్స్ (టీమ్ సెలెక్షన్లు) కూడా ఉన్నాయి.

ప్లానో బావ:
పెట్టించేయండి అన్నా, ఆలోచించకండి. టీమ్ ప్రాక్టీస్‌లో లైన్‌లో నిలబడి వంతు కోసం చూడ్డమే సరిపోతుంది, ట్రైనర్ దగ్గర గంటసేపూ బాల్ వాడి కాళ్ల దగ్గరే. మావాడికి ఆర్నెల్లలో ఎడమ కాలితో ఆడ్డం వచ్చేసింది.

కరీంనగర్ పోరడు:
గా ట్రైనర్లు నేల మీద కోన్లు పెట్టి వాటి చుట్టు బాల్ తిప్పిచ్చుడు సూశి మురవకుండ్రి అన్నా. మా బిడ్డకు ఏడాది పెట్టించిన, కోన్లల్ల పాము లెక్క తిరుగుతది, గేమ్‌ల సూస్తే తలకాయ కిందికే, పక్కన ఎవలున్నరో కూడ సూడదు. కోన్ ఏమన్న మీదికొస్తదా, కాలు అడ్డం పెడ్తదా? పోయిన చలికాలం ఫుట్సాల్ల, గదే ఇండోర్ సాకర్ లాంటి ఆటల ఏశిన. బాల్ ఎగరది, కోర్టు చిన్నది, అవుతలి పిల్ల మొఖం మీదనే ఉంటది, అరికాలుతోని బాల్ ఆపుడు ఎవ్వలు చెప్పకుండనే వచ్చింది.

ప్లానో బావ:
మీ ట్రైనర్ బాలేకపోతే అందరూ అంతేనా బ్రో? లెక్కల్లో వెనకబడితే ట్యూషన్ పెట్టించమా?

వాలంటీర్ కోచ్ అమ్మ:
ట్యూషన్ సరేనండీ, ముందు ఏ చాప్టర్ పోయిందో చూడాలి కదా. 7 వర్సెస్ 7లో గోల్‌కీపర్ చేతిలోకి బాల్ రాగానే అవతలి టీమ్ బిల్డౌట్ లైన్ (అందుకోసమే గ్రౌండ్‌లో గీసే గీత) వెనక్కి వెళ్లిపోవాలి, అంటే మనవాడికి మొదటి పాస్ ప్రశాంతంగా అందేది. 9 వర్సెస్ 9లో ఆ లైనే లేదు, వెంటనే మీద పడతారు. మీవాడి కాలు చెడిపోలేదు, టైమ్ తగ్గిపోయింది అంతే. బాల్ రాకముందే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకోవడం వాడికి ఇప్పుడు కావాలి, అది ఎదురుగా మనిషి ఉంటేనే వస్తుంది, అందుకే నా ఓటు గ్రూప్‌కి. ఎడమ కాలు మాత్రం ఇంట్లోనే, రోజూ పది నిమిషాలు గోడకి కొట్టించండి, రూపాయి ఖర్చు లేదు.

ఇంకోటి, ఎవరి దగ్గరికి పంపినా బ్యాక్‌గ్రౌండ్ చెక్, సేఫ్‌స్పోర్ట్ ట్రైనింగ్ (ఆటల్లో పిల్లల్ని వేధింపుల నుంచి కాపాడ్డం గురించిన శిక్షణ) ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. పదేళ్ల పిల్లలతో హెడ్డింగ్, అంటే తలతో బాల్ కొట్టడం, చేయిస్తున్నాడంటే అక్కణ్ణుంచి వచ్చేయండి, యూఎస్ సాకర్ 2015లోనే ఆ వయసుకి వద్దని చెప్పింది.

ఆస్టిన్ అక్క:
ఎవరూ మడమల సంగతి ఎత్తట్లేదేంటి? మావాడికి రెండు ప్రాక్టీసులు, రెండు ప్రైవేట్ క్లాసులు, వీకెండ్ టోర్నమెంటు, ఏదో ఐఐటీ కోచింగ్‌లా నడిపాం. ఓ రోజు కారు దిగి గరాజ్‌లోంచి లోపలికి మునివేళ్ల మీద నడుచుకుంటూ వస్తున్నాడు, ఆట అనుకుని నవ్వాను కూడా. మడమ రెండు పక్కలా నొక్కితే గిలగిల్లాడిపోయాడు. సీవర్స్ అన్నారు, ఎదిగే వయసులో మడమ ఎముక దగ్గర వచ్చే నొప్పి. ఆరు వారాలు ఆట బంద్, కట్టిన డబ్బులు ఎటూ పోయాయనుకోండి. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తిగా రెస్ట్ ఇవ్వమని పిల్లల డాక్టర్లు చెప్తూనే ఉంటారు, మనమే వినం. కొత్త క్లాస్ పెడితే ఏ రోజు ఖాళీగా ఉంటుందో ముందు రాసుకోండి.

ప్లానో బావ:
అక్కా, వారానికి నాలుగు ఎవరు పెట్టమన్నారు, నేనన్నది ఒక్కటే.

ఫ్రిస్కో నాన్న:
థాంక్యూ అందరికీ. నిన్న గేమ్‌లో కూర్చుని లెక్కపెట్టా, ఫస్ట్ హాఫ్‌లో బాల్ తొమ్మిది సార్లు వచ్చింది, ముందే వెనక్కి చూసుకుంది ఒక్కసారి. ఆ ఒక్కసారీ బాల్ పోలేదు. గ్రూప్‌కే పంపిస్తున్నా, మంగళవారం. శుక్రవారం ఖాళీ. గోడ విషయమే కష్టం, చెక్క ఫెన్స్‌కి కొడితే పక్కింటాయన బయటికొచ్చి చూస్తున్నాడు, గరాజ్ పక్కన ఇటుక గోడ ఉంది, అక్కడ చూస్తా. కరీంనగర్ అన్నా, ఫుట్సాల్‌కి గడ్డి మీద ఆడే ఈ క్లీట్సే (అడుగున ముళ్లుండే బూట్లే) పనికొస్తాయా?

కరీంనగర్ పోరడు:
క్లీట్స్ ఏస్కోని పోతే కోర్టు మీద అడుగు పెట్టనియ్యరు అన్నా, ఫ్లాట్ సోల్ ఇండోర్ బూట్లు తీస్కో. సగం సైజు కూడ ఎక్వ తీస్కోకు, లోపల కాలు జారితే బాల్ ఆగది.