ఎడమ ముందు చక్రం దగ్గర సన్నటి రొద

తిరుపతి నుంచి ప్రశ్న:
అన్నా, నాది రెండు డోర్ల స్పోర్ట్స్ కారు. చంద్రగిరి దాటి చిత్తూరు రోడ్డులో 60 దాటగానే ఎడమ ముందు చక్రం దగ్గర సన్నగా 'ఊఁ' అంటోంది. న్యూట్రల్‌లో వదిలినా పోదు. కుడి మలుపులో పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. షోరూంలో టైర్లు మార్చమన్నారు. ఇష్టపడి కొన్న బండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
న్యూట్రల్‌లోనూ ఉందంటే ఇంజిన్‌ది కాదు తమ్ముడూ. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, కాబట్టి నా అనుమానం బేరింగ్ (చక్రం నున్నగా తిరిగేలా మధ్యలో ఉండే భాగం) మీదే. జాకీ ఎత్తి, ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగ్ పట్టుకొని చక్రం తిప్పు. బేరింగ్ పోయుంటే గరగర వేళ్లకు తెలుస్తుంది.

ఇంకొకరు:
టైరు మీద అరచేయి ముందుకీ వెనక్కీ రాసి చూడండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే టైరే.

ప్రశ్న అడిగినవారు:
టైరు బాగుంది. స్ప్రింగ్‌లో గరగర తెలిసింది, కుడివైపు లేదు! రేపు రేణిగుంట రోడ్డులో హబ్ (చక్రం మధ్యలో బేరింగ్ ఉండే భాగం) విప్పిస్తున్నా.

మొదటి జవాబిచ్చినవారు:
హబ్ నట్టు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించమను, దగ్గరుండి చూసుకో.