చిల్లర పనులు పదకొండు పోగయ్యాయి, అన్నీ ఒకే మనిషితో చేయించుకోవచ్చా?

వాన చినుకు (ప్రశ్న):

నమస్కారం అండీ. ఇంట్లో చిన్నాచితకా రిపేర్లు పేరుకుపోయాయి. మొన్న ఆదివారం కాగితం మీద రాస్తే పదకొండు తేలాయి. ఒక్కటీ పెద్దది కాదు, అదే నా తలనొప్పి. ప్లంబర్‌కి ఫోన్ చేసి కుళాయి కారుతోందంటే "ఇంకేమైనా పని ఉందా మేడమ్?" అంటాడు. ఇంకేం లేదంటే "రేపొస్తా" అంటాడు. ఆ రేపు నాలుగు నెలలుగా రాలేదు. కార్పెంటర్ మాత్రం వచ్చాడు, పడకగది తలుపు ఓసారి తెరిచి మూసి, "ఇది మొత్తం మార్చేయాలి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇప్పుడు తొందర ఎందుకంటే, మా మామయ్యగారికి 78 ఏళ్లు. రేకు డబ్బా నిండా పాత మరలు, వాషర్లు, వంగిన మేకులు దాచుకున్నారు. ఎవరూ రావడం లేదని తనే మొదలుపెట్టారు. నిన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి స్టూలు మీద నిలబడి ఊడిన కర్టెన్ రాడ్‌ని అగ్గిపుల్లలతో బిగిస్తున్నారు. నా గుండె ఆగినంత పనైంది. ఆయన మాత్రం "సుత్తి అందుకో అమ్మా" అన్నారు.

జాబితా ఇదీ. వంటింటి సింకు కుళాయి చుక్కలు. పడకగది తలుపు పైమూల చట్రానికి రాసుకుంటోంది, గడియ పడదు. ఫ్లష్ ట్యాంకులో రాత్రంతా సన్నగా నీళ్ల చప్పుడు. బేసిన్ చుట్టూ సందులో పూసిన సిలికాన్ నల్లబడిపోయింది. కర్టెన్ రాడ్ సంగతి చెప్పాను. వంటింటి అల్మరా తలుపు ఒక బందు మీదే వేలాడుతోంది. హాల్లో ఫ్యాన్ బాగా నెమ్మదించింది. గీజర్ ఆన్‌లో ఉండగా షవర్ కుళాయి ముట్టుకుంటే కొంచెం జివ్వుమంటుంది. కిటికీ జాలీ చిరిగింది. బాల్కనీలో ఒక టైలు కదులుతోంది. గోడ గడియారానికి మేకు కొట్టాలి.

ఇలా అన్నీ చేసే మనిషిని ఎలా వెతకాలి, ఏం అడగాలి, డబ్బు పనికింత అని మాట్లాడాలా, రోజుకింత అనా? ఇంతవరకు ఇలా ఎవరినీ పెట్టుకోలేదు.

నిద్రమత్తు:

వెతకడం గురించి నాకు పెద్దగా తెలీదు కానీ, కర్టెన్ రాడ్‌కి డ్రిల్ చేసేవాడి పక్కన మాత్రం నిలబడండి. మా ఇంటికొచ్చిన కుర్రాడు స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైన బెజ్జం పెట్టాడు. సగం ఇల్లు చీకటి. వైరు వెతకడానికి గోడ పగలగొట్టారు, గోడకి రంగు వేయించాల్సొచ్చింది, ఒక గోడకే వేస్తే బాగోదని గది మొత్తానికి వేయించాం. కర్టెన్ ఇంకా కట్టలేదు.

లెక్కల మాస్టారు:

అమ్మా, వీటిలో సగం మీరే చేసుకోవచ్చు. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి, ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా ఆగండి. కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు సీలు పోయినట్టే. ఫ్యాన్ నెమ్మదించిందంటే చాలాసార్లు కెపాసిటర్ (మోటారుకి ఊపునిచ్చే చిన్న భాగం) బలహీనపడి ఉంటుంది. నేను రిటైరయ్యాక ఇవన్నీ నేర్చుకున్నాను. ప్రతిదానికీ మనిషిని పిలిస్తే మన చేతులెందుకు?

పాత స్పానర్:

చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు గీజర్ ఆపండి. బాత్రూమ్‌లో స్విచ్ ఒక్కటే సరిపోదు, మీటర్ దగ్గర బోర్డులో దాని ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) కిందికి దించేయండి. కొన్ని ఇళ్లలో వైరింగ్ తిరగబడి స్విచ్ కరెంటు వచ్చే ఫేజ్ వైరుని కాక న్యూట్రల్‌ని తెంపుతుంది, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా లోపల కరెంటు అలాగే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఎవరూ ఆ గీజర్ వాడొద్దు. "కొంచెం జివ్వు" అనేది చిల్లర పని కాదు. తడి కాళ్లతో, తడి చేత్తో లోహపు కుళాయి పట్టుకుంటున్నారు మీరు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మూడు విషయాలు చూడమనండి: గీజర్‌లో నీళ్లు వేడిచేసే ఎలిమెంట్ నుంచి కరెంటు లీకవుతోందా, ఎర్త్ వైరు సరిగా ఉందా, బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనే సరఫరా తెంపేసే స్విచ్) ఉందా. ఎర్త్ సరిగా ఉండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పనిచేస్తుంటే ఇలాంటి లీకేజీకి చాలావరకు అదే పడిపోవాలి. మీ ఇంట్లో పడలేదంటే అది లేకపోవచ్చు, పాడై ఉండొచ్చు, లేదా ఎర్త్ తెగి ఉండొచ్చు.

ఈ పోస్టు చూడగానే పది నిమిషాల్లో జవాబు పెట్టండి, ఆపేశానని.

వాన చినుకు:

ఆపేశాను. ఎంసీబీ దించేశాను. చేతులు వణుకుతున్నాయి. రెండు నెలలుగా అలాగే వాడుతున్నాం. మామయ్యగారికి చెబితే "నేనూ గమనించా, చెప్పులేసుకుని స్నానం చేస్తున్నా" అన్నారు. ఆ మాట మాకెవరికీ చెప్పలేదు ఆయన.

పాత స్పానర్:

హమ్మయ్య. ఇక తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. మా వైపు నుంచి చెబుతాను. వాషర్ మార్చడం పది నిమిషాల పని. మీ ఇంటికి రావడం, కుళాయి విప్పడం, మా దగ్గరున్న వాషర్ దానికి సరిపోదని తెలియడం, షాపుకెళ్లడం, అది మూసి ఉండటం, ఇంకో షాపు... ఒక పూట పోతుంది. పూట కూలి అడిగితే మీరు "వాషర్‌కింతా?" అంటారు. అందుకే ఎవరూ రారు. పదకొండు పనులు ఒకేసారి చెబితే వస్తారు. మీరు జాబితా రాయడం మంచి పని. కాకపోతే దాన్ని గదుల వారీగా మళ్లీ రాయండి, ప్రతిదానికీ రెండు ఫొటోలు తీయండి: ఒకటి దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి. ఇంకోటి దూరం నుంచి, చుట్టుపక్కల ఏముందో తెలిసేలా. "తలుపు పట్టేస్తోంది" అంటే నాకేం తెలియదు. ఫొటోలో పైబందు మర బయటికొచ్చి కనిపిస్తే ఏ సామాను తీసుకురావాలో ఇంటి దగ్గరే తెలుస్తుంది.

తలుపు అన్నాను కాబట్టి. మీ కార్పెంటర్ మార్చమన్నది బహుశా మార్చాల్సింది కాదు. పైమూల రాసుకుంటోందంటే తొంభై పాళ్లు పైబందు మరలు వదులై తలుపు వంగింది. చిత్రిక పట్టే ముందు ఆ మరలు చూడాలి. మరబెజ్జం అరిగిపోతే చెక్కజిగురు రాసిన సన్నపుల్లలు దట్టించి, ఆరాక మళ్లీ సన్నబెజ్జం పెట్టి మర బిగించాలి. లేదా లోపలి కర్ర దాకా దిగే పొడుగు మర ఒకటి వేయాలి. మీ మామయ్యగారి అగ్గిపుల్లల ఐడియా తప్పు కాదు, చెక్కకైతే. సిమెంటు గోడకి కాదు. వానాకాలంలో తలుపు ఉబ్బిందని చిత్రిక పట్టించుకున్నవాళ్లు ఎండాకాలంలో ఆ సందులోంచి హాలంతా చూస్తారు.

మాస్టారూ, ఫ్యాన్ విషయంలో మీరన్నది నిజమే. కానీ కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా కొంతసేపు చార్జ్ పట్టుకుని ఉంటుందని ఆ మాటతో పాటే చెప్పాలి. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లని (అదే దాని సామర్థ్యం) రాసి ఉందో చూసి అదే తేవాలి, మా చేతికి ఎక్కువగా 2.5 తగులుతుంది. ఎక్కువది వేస్తే జోరుగా తిరుగుతుందని కొందరు వేస్తారు, మోటారు వేడెక్కుతుంది. పైగా ఫ్యాన్ దగ్గరికి నిచ్చెన ఎక్కాలి. ఈ ఇంట్లో నిచ్చెన ఎవరెక్కుతారో మనకి తెలుసు.

లెక్కల మాస్టారు:

ఒప్పుకుంటున్నాను. చార్జ్ గురించి రాయాల్సింది.

వాన చినుకు:

డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. అడ్వాన్స్ అడిగితే ఇవ్వాలా? సామాను నేను కొనాలా, అతనే తెస్తాడా?

పాత స్పానర్:

మీ జాబితాకి రోజు కూలీ మాట్లాడండి. పనికింత అంటే ప్రతి పని దగ్గరా బేరం, పదకొండు బేరాలు. రోజు కూలీ అయితే పొద్దున ఎన్నింటికి వస్తాడు, ఎన్నింటి దాకా ఉంటాడు, షాపుకెళ్లిన సమయం అందులో కలుస్తుందా, ఈ మూడూ ముందే తేల్చుకోవాలి. సామాను విడిగా, బిల్లుతో. విప్పిన పాత సామాను మీకు చూపించి పడేయమనండి. ఇది అనుమానంతో కాదు, కుళాయి వాషర్ రకమా, సిరామిక్ కార్ట్రిడ్జ్ (లోపల పింగాణీ బిళ్లలుండే) రకమా మీకూ తెలుస్తుంది, వచ్చేసారి ఫోన్‌లో చెప్పగలరు. అడ్వాన్స్ సామానుకి మటుకే ఇవ్వండి. కూలీ మొత్తం ముందే ఇచ్చేస్తే ఆఖరి రెండు పనులకి మనిషి కనపడడు. మా వాళ్ల గురించి నేనే చెబుతున్నాను, ఏమనుకోకండి.

కొత్త మనిషైతే ముందు రెండు పనులు ఇచ్చి చూడండి. సిలికాన్ పని ఇస్తే మనిషి తెలిసిపోతాడు. నల్లబడిన దాని మీదే కొత్తది పూస్తే వాడిని పంపించేయండి. పాతది పూర్తిగా గీకి, తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు పూయాలి. తర్వాత 24 గంటలు నీళ్లు తగలకూడదు. కాబట్టి అది ఆ రోజు ఆఖరి పనిగా పెట్టుకోవాలి. ఇది మీరు చెప్పకముందే అతనే అంటే సగం పరీక్ష పాసయినట్టు.

ఇంకొకటి, అతను రాకముందే ఇల్లంతటికీ నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతికి ఒకసారి తిప్పి చూడండి, తిరక్కపోతే బలవంతం చేయకండి. ఏళ్ల తరబడి ముట్టుకోని గేట్ వాల్వ్ బిగుసుకుపోతుంది. కుళాయి విప్పాక ఆ సంగతి తెలిస్తే వంటిల్లు చెరువే. డ్రిల్ గురించి పైన నిద్రమత్తుగారు చెప్పింది నిజం: వైర్లు మామూలుగా స్విచ్‌బోర్డు నుంచి నిలువుగానో అడ్డంగానో వెళ్తాయి, ఆ గీత మీద బెజ్జం వద్దు.

నిద్రమత్తు:

ఈ చివరి వాక్యం నాకు రెండేళ్ల క్రితం ఎవరైనా చెప్పుంటే బావుండేది.

వాన చినుకు (మూడు వారాల తర్వాత):

ఏమైందో చెప్పాలి కదా. ఎలక్ట్రీషియన్ మర్నాడే వచ్చాడు. గీజర్ ఎలిమెంట్ చిల్లుపడింది, సాకెట్‌లో ఎర్త్ వైరు ఊడి గాల్లో ఉంది, ఆర్‌సీసీబీ అసలు లేదు. మూడూ సరిచేయించాం. మార్చిన ఎలిమెంట్ నా ముందు పెట్టి "ఎన్నాళ్లుగా?" అని అడిగితే రెండు నెలలని చెప్పడానికి సిగ్గేసింది.

మిగతా పనులకి మనిషి ఆ ఎలక్ట్రీషియన్ ద్వారానే దొరికాడు. నేను ఎక్కడెక్కడో వెతికాను, అసలు ముందు నుంచీ అతన్నే అడగాల్సింది. ఫొటోలు పంపితే అరగంటలో నాలుగు ప్రశ్నలు వచ్చాయి, అందులో ఒకటి "గోడ తట్టితే బోలుగా మోగుతోందా?" అని. అప్పుడే నచ్చాడు. ఒకటిన్నర రోజు పట్టింది. మెయిన్ వాల్వ్ నిజంగానే బిగుసుకుపోయింది, స్పానర్ అన్నయ్య చెప్పకపోతే ఆ రోజు ఏమయ్యేదో. దాన్నే ముందు మార్చాడు, అలా పన్నెండో పని చేరింది. తలుపుకి ఒక్క పొడుగు మర వేశాడు, అంతే, ఇప్పుడు గడియ వేలితో పడుతోంది. సిలికాన్ సంగతి నేను నోరు తెరవకముందే "ఇది సాయంత్రం, వెళ్లేముందు" అన్నాడు.

అన్నీ బాగా జరిగాయని కాదు. బాల్కనీ టైలు తీస్తే కింద సిమెంటు పొడిపొడిగా ఉంది, పక్కవి రెండూ తట్టితే బోలుగా మోగాయి. ఇది నా పని కాదు, టైల్స్ మేస్త్రీని పిలవండి అని వదిలేశాడు. మొదట కోపమొచ్చింది, తర్వాత ఆలోచిస్తే తెలియని పని ముట్టుకోకపోవడమే నయం కదా. జాలీ కొలత నేనే తప్పిచ్చాను, రెండు వేళ్లు పొట్టి. దాన్ని మళ్లీ తెప్పించాలి.

మామయ్యగారు రోజంతా కుర్చీ వేసుకుని అతని పక్కనే కూర్చున్నారు. నాకు టెన్షన్, పని చెడగొడతారేమోనని. మధ్యాహ్నానికి చూస్తే రేకు డబ్బా ఇద్దరి మధ్యా నేల మీద బోర్లించి ఉంది, అల్మరా బందుకి సరిపోయే మర అందులోనే దొరికిందట. బిల్లులో ఆ మర లేదు.

గడియారం మేకు మాత్రం కొట్టనివ్వలేదు. "అది నాది" అన్నారు. నిన్న కొట్టారు, కింద నిలబడే, చేతికి అందే ఎత్తులో. గడియారం ఇప్పుడు మా అందరి భుజాల దగ్గర ఉంది.

పాత స్పానర్:

అక్కడే ఉండనివ్వండి చెల్లెమ్మా. మేకు స్విచ్‌బోర్డు గీత మీద లేదు కదా?

వాన చినుకు:

ఇప్పుడే లేచి చూశా. లేదు. ఒక జానెడు పక్కకుంది. ఆయన్ని అడిగితే "నేను ముందే చూశాగా" అంటున్నారు.