వెనుక టైరులో స్క్రూ దిగింది: పంక్చరు వేయించాలా, టైరు మార్చాలా?

గుంటూరు ప్రయాణికుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను రోజూ గుంటూరు నుంచి విజయవాడకు కారులో వెళ్లి వస్తుంటాను. మొన్న సాయంత్రం తిరుగు ప్రయాణంలో కనకదుర్గ వారధి దాటిన తరువాత బండి వెనుక భాగం బరువుగా ఊగుతున్నట్టు అనిపించింది. కాజా టోల్‌గేటుకు ముందు పక్కకు ఆపి చూస్తే వెనుక ఎడమ టైరులో గాలి బాగా తగ్గి ఉంది. దగ్గరలోని పెట్రోలు బంకులో గాలి పెట్టించే ముందు చూస్తే మీటరు 14 పీఎస్ఐ చూపింది. అది 33 ఉండవలసిన టైరు. మరునాడు ఉదయం వెతికితే ఒక స్క్రూ కనిపించింది. దాని తల రోడ్డుకు రాసుకుని నున్నగా మెరుస్తోంది. సబ్బునీళ్లు పోస్తే చుట్టూ సన్నని బుడగలు వస్తున్నాయి.

ఇంటి దగ్గరి పంక్చరు షాపులో టైరు విప్పనక్కర లేదనీ, పైనుంచే ప్లగ్గు (రంధ్రంలోకి దోపే జిగురు తాడు) వేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుందనీ చెప్పారు. విజయవాడలో ఒక పెద్ద షాపులో మాత్రం ఇది బాగుచేయదగినది కాదని, వెనుక టైర్లు రెండూ మార్చవలసిందేనని చెప్పారు. స్క్రూ టైరుకు నట్టనడుమ లేదు, పూర్తిగా అంచునా లేదు. బయటి గాడికి రెండు వేళ్ల వెడల్పు లోపలివైపు ఉంది. టైర్లు కారుతో పాటు వచ్చినవే, బటన్ (రోడ్డుకు తగిలే గాళ్ల రబ్బరు) ఇంకా సగానికి పైగా ఉంది. ఎవరి మాట వినాలో తెలియక అడుగుతున్నాను.

బెజవాడ ట్యాక్సీ:

అయ్యా, ఈ దారిలో కిరాయి బండి తిప్పేవాళ్లలో ప్లగ్గు వేయని టైరు ఉన్నవాడు అరుదు. సరిగ్గా వేసిన ప్లగ్గు టైరు అరిగిపోయేదాకా నిలబడడం నేను చాలాసార్లు చూశాను. షాపువాళ్లు కొత్త టైర్లు అమ్ముకోవాలని చూస్తారన్న అనుమానం కూడా నాకు ఉంది. మీరు చెప్పిన చోట స్క్రూ ఉంటే నేనైతే ప్లగ్గు వేయించుకుని తిరుగుతాను. అయితే టైరు పక్కగోడకు తగిలిన మేకు విషయంలో మాత్రం నేను కూడా ఆ సాహసం చేయను.

ఆటోనగర్ టైర్ల పని:

పై మిత్రులు చెప్పినది అబద్ధం కాదు. ప్లగ్గు నిలబడుతుంది, కాని నిలబడడం వేరు, బాగుచేయడం వేరు. ఆ పని ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. ముందు రంపపు పళ్లున్న చువ్వను రంధ్రంలోకి దించి గుండ్రంగా తిప్పుతారు. జిగురు పూసిన తాడును సూదితో లోపలికి తోసి, సూదిని లాగేసి, మిగిలిన తోకను కోస్తారు. టైరు లోపల ఏముందో ఈ పనిలో ఎవరూ చూడరు. పైగా బటన్ కింద ఉండే ఉక్కు తీగల పొర ఆ రంధ్రం దగ్గర తెగి ఉంటుంది. తాడు పక్కనుంచి వాననీరు దిగితే ఆ తీగలు తుప్పు పడతాయి. అందుకే ప్లగ్గును షాపు దాకా వెళ్లడానికి చేసుకున్న ఏర్పాటుగానే చూడమంటారు.

అసలైన పద్ధతిలో టైరును డిస్కు నుంచి విప్పాలి. లోపలి రబ్బరును రంధ్రం చుట్టూ గీకి, సొల్యూషన్ పూసి, అది వేలికి అంటీ అంటకుండా ఆరాక, కాడతో ఉన్న ప్యాచ్‌ను లోపలినుంచి బయటికి లాగుతారు. దానిని మష్రూమ్ ప్యాచ్ అంటారు. కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు భాగం లోపలిగోడకు అతుక్కుని గాలిని ఆపుతుంది. తరువాత ఇనుప చక్రంతో ఒత్తి గాలిబుడగలు లేకుండా చేయాలి. ఆ పైన బ్యాలెన్సింగ్ తప్పనిసరి.

ఇక మీ ప్రశ్నకు వస్తే, కారు టైరులో రంధ్రం 6 మిల్లీమీటర్లు మించకుండా, బటన్ మధ్య భాగంలో ఉంటేనే ప్యాచ్ వేస్తారు. అంచు దగ్గరికి వచ్చేసరికి ఉక్కు పొర ముగిసిపోతుంది. అక్కడినుంచి పక్కగోడ అంతా దారాల మీద నిలబడి, చక్రం తిరిగిన ప్రతిసారీ వంగుతూ ఉంటుంది కనుక ఏ ప్యాచూ అక్కడ అతుక్కుని ఉండదు. మీ స్క్రూ గాడికి లోపలే ఉందంటే స్థలం విషయంలో అభ్యంతరం లేదు. నన్ను ఆలోచింపజేస్తున్నది స్క్రూ కాదు, మీరు చెప్పిన 14 పీఎస్ఐ. అంత తక్కువ గాలితో హైవే మీద వేగంగా నడిస్తే పక్కగోడ విపరీతంగా వంగి వేడెక్కుతుంది. మే నెల ఎండలో ఇది ఇంకా ఎక్కువ. ఆ దెబ్బ బయటికి కనబడదు. విప్పినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి రాలినా, పక్కగోడ లోపలివైపు చుట్టూ ముడతల గీత కనిపించినా, రంధ్రం ఎంత చిన్నదైనా ఆ టైరు పక్కన పెట్టవలసిందే. విప్పి చూడకుండానే బాగుకాదన్న షాపుకూ, ప్లగ్గు చాలన్న షాపుకూ ఈ విషయం తెలియదు. ముందు విప్పించండి, మీ ఎదుటే లోపలికి టార్చి వేయించండి.

కృష్ణలంక పాఠకుడు:

రెండు టైర్లూ మార్చాలన్న మాటలో కొంత నిజం ఉంది గాని అది అన్ని సందర్భాలకూ వర్తించదు. ఒకే ఇరుసు మీద ఒకటి కొత్తది, మరొకటి అరిగినది ఉంటే బ్రేకు వేసినప్పుడు, వానలో తిరిగినప్పుడు పట్టు రెండువైపులా ఒకేలా ఉండదు. మీ రెండో టైరు సగానికి పైగా బటన్‌తో ఉంది కనుక, ముందుగా స్టెప్నీ చూడండి. అది అదే సైజులో ఉండి, వాడకుండా పడి ఉంటే, దానిని వెనుక వేసి, పోయినదాని స్థానంలో స్టెప్నీగా ఒక్క టైరు కొంటే సరిపోవచ్చు. కొన్ని కార్లలో స్టెప్నీ చిన్న సైజు, 80 కిలోమీటర్ల వేగ పరిమితి స్టిక్కరుతో ఉంటుంది. అలాంటిదైతే ఈ ఉపాయం పనికిరాదు. తయారీ తేదీ కూడా చూడండి: పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి, 2221 అంటే 2021లో 22వ వారం. వాడకపోయినా రబ్బరు ముదురుతుంది.

బీమా గురించి ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే ఏమీ రాదు. బండికి కూడా అదే సమయంలో నష్టం జరిగితే టైరు ఖర్చులో సగం ఇస్తారు.

గుంటూరు ప్రయాణికుడు:

ఈ రోజు గుంటూరు ఆటోనగర్‌లో టైరు విప్పించాను. రంధ్రం చిన్నదే, నిటారుగానే దిగింది. కాని లోపల చేయి పెడితే అరచేతికి సన్నని నల్లపొడి అంటింది, టార్చి వెలుగులో పక్కగోడ చుట్టూ గీతలా ముడత కనిపించింది. పనిచేసే ఆయన ఏమీ చెప్పకుండా ఆ గీత మీద వేలు పెట్టి చూపించారు. స్టెప్నీ అదే సైజుది, వాడనిది. మిగతా టైర్లతో పాటే తయారైనది. దానిని వెనుక ఎడమ చక్రానికి వేసి బ్యాలెన్సింగ్ చేయించాను, స్టెప్నీ కోసం అదే సైజు కొత్త టైరు ఒకటి తీసుకున్నాను. స్టెప్నీ బటన్ వెనుక కుడి టైరు కంటే ఎక్కువగా ఉంది. దానిని జతగా ఉంచవచ్చా?

ఆటోనగర్ టైర్ల పని:

తేడా రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఉంచవచ్చు, ఇబ్బంది లేదు. అంతకన్నా ఎక్కువైతే కొత్తగా కొన్న టైరును కూడా వెనుకకే వేసి, తీసిన కుడి టైరును స్టెప్నీగా పెట్టుకోండి. ఎక్కువ బటన్ ఉన్న జత వెనుకనే ఉండాలి. వానలో బండి తోక జారకుండా ఆపేది అదే. నట్లు బిగించిన తరువాత 50 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి బిగింపు చూపించండి. గాలి మాత్రం ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి, ఎండలో నడిచి వచ్చిన టైరులో మీటరు ఎక్కువే చూపుతుంది.