స్కిట్లలో పల్లె పేదల్ని వెక్కిరిస్తే ఫిర్యాదు ఎలా రాయాలి?

నాగావళి:
ఒక కామెడీ షోలో శ్రీకాకుళం నుంచి పట్నానికి పనికొచ్చిన కూలీ పాత్ర పెట్టారు. లిఫ్టు ఎక్కేముందు చెప్పులు బయట విడుస్తాడు, అక్కడ నవ్వుల మోత. ‘ఏటి బాబూ’ అన్నప్పుడల్లా ‘టొయ్ఁ’మని ఒక శబ్దం. పాత్రకి అంతకుమించి పనే లేదు. చూస్తుంటే కడుపు మండిపోయింది. ఛానెల్‌కి రాయాలంటే ఏ నిబంధన చూపాలండీ?

మెట్టపొలం:
1994 కేబుల్ టీవీ నిబంధనల్లో 6వది ప్రోగ్రామ్ కోడ్, అంటే టీవీలో ఏవి వేయకూడదో చెప్పే జాబితా. అందులో 6(1)(ఎం) మీకు పనికొస్తుంది. జాతి, భాష, ప్రాంతాన్ని బట్టి ఏర్పడ్డ సమూహాల్ని ఎగతాళిగా, చులకనగా చూపే దృశ్యాలు, మాటలు వేయకూడదని దాని సారం. అయితే పేదరికం మాట అందులో లేదు. చాలా ఫిర్యాదులు ఇక్కడే దెబ్బతింటాయి. ‘పేదల్ని అవమానించారు’ అని ఊరుకుంటే తేలిగ్గా తప్పించుకుంటారు. అందుకని యాసని (ఎం) కింద, చెప్పుల సీనుని (ఐ) కింద పెట్టండి. సమాజంలోని వర్గాల్ని కించపరచకూడదన్నది (ఐ).

ముందు ఛానెల్‌కే రాతపూర్వకంగా పంపాలి. ఛానెల్ వాళ్లు 24 గంటల్లో అందినట్టు తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పింది నచ్చకపోయినా, ఇంకో 15 రోజుల్లోపు స్వీయ నియంత్రణ సంస్థకి అప్పీలు చేసుకోవచ్చు. వినోద ఛానెళ్లు చాలావాటికి అది బీసీసీసీ (బ్రాడ్‌కాస్టింగ్ కంటెంట్ కంప్లెయింట్స్ కౌన్సిల్). వాళ్లకి 60 రోజుల గడువు. ఆపైన కేంద్ర ప్రభుత్వం. 2021 జూన్ సవరణతో వచ్చిన పద్ధతి ఇది.

ఎడిట్‌రూమ్:
యూట్యూబ్ క్లిప్పుని నమ్ముకోకండి, ఎప్పుడైనా తీసేస్తారు, కత్తిరించి మళ్లీ పెడతారు. టీవీలో వచ్చిన తేదీ, గంట, నిమిషం రాసుకోండి. ఛానెల్ 90 రోజులపాటు రికార్డింగు ఉంచాలి కాబట్టి ఆలస్యం చేయొద్దు.

నవ్వు సంగతి కూడా ఫిర్యాదులో రాయండి. జడ్జీలు పగలబడి నవ్వే షాటు ఇంకో స్కిట్‌లోది తెచ్చి అతికించడం మామూలే. నవ్వుల ట్రాకూ, ఆ ‘టొయ్ఁ’ శబ్దమూ ఎడిటింగులోనే కలుపుతారు. చెప్పుల దగ్గర నవ్వు పడిందంటే అక్కడ పెట్టాలని ఒకరు కూర్చుని నిర్ణయించారన్నమాట. సౌండ్ ఆపి అదే సీను చూడండి: శుభ్రంగా ఉన్న చోట అడుగుపెడుతూ ఒక మనిషి మర్యాదగా చెప్పులు విడిచాడు. ఇందులో నవ్వడానికేముంది? ఆ తేడాని రెండు వాక్యాల్లో రాయండి.

నాగావళి:
యాస వాడటమే తప్పా అని ఎదురడిగితే?

మెట్టపొలం:
యాసలో తప్పేమీ లేదండీ, అది ఎవరికిచ్చారన్నది చూడాలి. నాలుగైదు ఎపిసోడ్లు చూసి పట్టిక వేయండి. డాక్టరు, మేనేజరు పుస్తకాల తెలుగు మాట్లాడి, వాచ్‌మన్, పనిమనిషి మాత్రమే యాసలో మాట్లాడుతుంటే ఆ పట్టికే మీ వాదన. పైగా వీళ్లు పలికించేది ఆ యాస కూడా కాదు. కుర్రాణ్ణి గుంటడనీ, వదిలెయ్ అనడానికి ఒగ్గేయ్ అనీ అనే మనుషుల భాషని ‘ఏటి’ అన్న ఒక్క ముక్కకి కుదించేశారు.

చివర్లో మీకేం కావాలో స్పష్టంగా అడగండి: ఆ భాగం తీసెయ్యాలి, రిపీట్ ప్రసారంలో రాకూడదు, తెరమీద క్షమాపణ వెయ్యాలి. ‘తగు చర్య తీసుకోగలరు’ అని వదిలేస్తే ‘గమనించాం’ అన్న జవాబుతో ఫైలు మూసేస్తారు.