14 మంది స్టాఫ్, ఏప్రిల్‌లో జీతాలు పెంచాలి. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

గుంటూరు_ల్యాబ్
నమస్కారం. గుంటూరులో మాది చిన్న డయాగ్నస్టిక్ సెంటర్. ఆరేళ్ల కిందట ముగ్గురితో మొదలుపెట్టాం, ఇప్పుడు 14 మంది. ఇన్నాళ్లూ ఉగాదికి తలా వెయ్యో పదిహేను వందలో పెంచి, స్వీట్ బాక్స్ చేతిలో పెట్టేవాణ్ని. ఈసారి అలా కుదిరేలా లేదు. "పని చేసేవాళ్లకీ చేయనివాళ్లకీ ఒకటేనా సార్" అని అందరికంటే బాగా చేసే అమ్మాయే మొహం మీద అడిగేసింది.

నాలుగు విషయాలు చెప్పండి. టెక్నీషియన్‌ని తీసుకునేటప్పుడు ఏం చూస్తున్నారు? పనికి మార్కులు ఎలా వేస్తున్నారు? ఒకరికి ఎక్కువ పెంచితే మిగతావాళ్లు అలగకుండా ఏం చేస్తున్నారు? ఇంకోటి, మా దగ్గర ఒకబ్బాయి చంటిపిల్లలకైనా ఒక్క పోటుతో రక్తం తీస్తాడు, కానీ వారంలో నాలుగు రోజులు లేటు. అతణ్ని ఏం చేయాలి?

మానేసి వెళ్లిపోతారన్న భయం మాత్రం పెద్దగా లేదు. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెడతాం.

హెచ్ఆర్_22ఏళ్లు
ఈ రంగంలో 22 ఏళ్లుగా ఉన్నాను. ఫార్మా, ఐటీ, ఇన్‌ఫ్రా మూడూ చూశాను, నాలుగు వేల ఇంటర్వ్యూలు చేసి ఉంటాను. మీకు కావాల్సింది కేఆర్ఏలు, అంటే ఒక్కొక్కరూ సాధించాల్సిన లక్ష్యాలు, వాటి మీద రేటింగ్, దాని మీద బెల్ కర్వ్, అంటే ఇంత శాతం మందికి ఇంత అని ముందే పెట్టుకున్న కోటా. పైన 20 శాతానికి మంచి హైక్, మధ్యలో 70 శాతానికి మామూలు, కింద 10 శాతానికి నమస్కారం. జాక్ వెల్చ్ అమెరికాలో జీఈ కంపెనీని నడిపింది ఇలాగే. ఎక్సెల్ షీట్ కావాలంటే మెసేజ్ పెట్టండి.

కూకట్‌పల్లి_కోడర్
14 మందిలో 10 శాతం అంటే 1.4 మంది సార్. ఆ పాయింట్ నాలుగు ఎవరు, వాచ్‌మనా?

ఈ బెల్ కర్వ్‌కి నేను రెండేళ్లు బలయ్యాను. సెల్ఫ్ అప్రైజల్ రాయడానికి ఒక ఆదివారం పోయింది. మేనేజర్ మీటింగ్‌లో కాఫీ ఇచ్చి మరీ మెచ్చుకున్నాడు. చివర్లో, "నువ్వు టాప్ రేటింగ్‌కి అర్హుడివే, కానీ మన టీమ్‌కి ఇచ్చిన బకెట్ నిండిపోయింది" అన్నాడు. మైక్రోసాఫ్ట్ 2013లోనే ఈ పద్ధతి ఎత్తేసింది. మన దగ్గర మాత్రం ఇంకా గుంటూరు ల్యాబుల దాకా తీసుకెళ్తున్నారు.

టీచర్_కరీంనగర్
మీరు రేటింగులు తర్వాత మాట్లాడుకోండి. ఆయన రాసిన చివరి లైను ఎవరూ చదవలేదా? ఒరిజినల్స్ బీరువాలో పెడతారట!

2024 డీఎస్సీలో నాకు ర్యాంకు వచ్చింది. సెప్టెంబరు 30న ఫలితాలు, వెంటనే అక్టోబరు మొదటి వారంలో సర్టిఫికెట్ వెరిఫికేషన్. నా పదో తరగతి మెమో నుంచి బీఎడ్ దాకా అన్నీ నేను చేసే ప్రైవేటు బళ్లోనే ఉన్నాయి. అడిగితే "మధ్యలో వెళ్తే రెండు నెలల జీతం కట్టాలి" అన్నారు. చెవి కమ్మలు తాకట్టు పెట్టి 36,000 తెచ్చి కౌంటర్ మీద పెట్టాను. క్లర్కు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాక గానీ కవరు ఇవ్వలేదు. ఉద్యోగం వచ్చింది సరే, ఆ నాలుగు రోజులు నేను అన్నం తిన్న గుర్తు లేదు.

ప్రైవేట్_బడి
టీచర్ గారూ, అటువైపు కూడా చూడండి. నేను బడి నడుపుతున్నాను. డిసెంబరులో మ్యాథ్స్ సార్ చెప్పాపెట్టకుండా మానేస్తే మార్చిలో పదో తరగతి పరీక్షలు ఎవరు రాయిస్తారు? తల్లిదండ్రులు వచ్చి కూర్చునేది నా రూములో. సర్టిఫికెట్లు ఉంచుకోకపోతే ఒక్కరూ సంవత్సరం నిలవరు.

టీచర్_కరీంనగర్
నిలవకపోవడానికి కారణం సర్టిఫికెట్లా, జీతమా? మే నెల జీతం ఇస్తారా మీరు?

ప్రైవేట్_బడి
సెలవుల్లో పని లేనప్పుడు జీతం ఏమిటండీ.

టీచర్_కరీంనగర్
సెలవుల్లో అడ్మిషన్ల కోసం ఎండలో ఇంటింటికీ తిప్పేది ఎవరిని?

షార్జా_సైట్
ఇక్కడ యూఏఈలో పాస్‌పోర్టు కంపెనీ ఉంచుకోవడం చట్టవిరుద్ధం. అయినా 2016లో నాది ఆఫీసు లాకర్లోనే ఉంది. అమ్మ పోయిందని శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది. శుక్రవారం ఆఫీసు సెలవు. తాళం ఉన్నాయన ఫోను ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం పాస్‌పోర్టు చేతికొచ్చింది. నేను జగిత్యాల చేరేసరికి అన్నీ అయిపోయాయి. బీరువాలో పెట్టేముందు ఇది గుర్తు తెచ్చుకోండి అన్నా.

హెచ్ఆర్_22ఏళ్లు
ఎమోషనల్‌గా కాదు, ప్రాక్టికల్‌గా మాట్లాడదాం. రిటెన్షన్‌కి, అంటే మనుషులు మానేయకుండా నిలవడానికి, ఏదో ఒక సెక్యూరిటీ ఉండాలి. బాండు రాయించుకోండి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా బాండును సమర్థించింది.

కోర్టు_మెట్లు
సగం చెప్పి వదిలేయకండి. అది ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ఆఫీసరు కేసు. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందన్నారు. బ్యాంకు మళ్లీ నోటిఫికేషన్ వేసి, పరీక్ష పెట్టి ఆ పోస్టు నింపుకోవాలి. ఆ ఖర్చు, అతని హోదా, జీతం అన్నీ చూసి ఆ మొత్తం ఎక్కువేం కాదన్నారు. పద్దెనిమిది వేల జీతగాడికి రెండు లక్షల బాండు రాయించి అదే తీర్పు చూపిస్తానంటే కుదరదు. మానేశాక ఇంకెక్కడా పనిచేయకూడదని రాస్తే అది 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లనే చెల్లదు. బాండు వేరు, సర్టిఫికెట్ వేరు. సర్టిఫికెట్ తాకట్టు వస్తువు కాదు.

హెచ్ఆర్_22ఏళ్లు
మీరు ఎన్ని కంపెనీలకు పాలసీలు రాశారో తెలుసుకోవచ్చా?

కోర్టు_మెట్లు
మీరు రాసిన పాలసీల మీద వచ్చిన కేసులే మాకు భోజనం సార్.

సెంట్రిఫ్యూజ్
మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. 17 ఏళ్లుగా ల్యాబ్‌లో ఉన్నాను. ఇంటర్వ్యూలో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) మార్కులు చూడను. అరపూట కలెక్షన్ టేబుల్ దగ్గర నిలబెడతాను. షుగర్‌కి బూడిదరంగు మూత ట్యూబు, సీబీపీకి (రక్తకణాల పరీక్ష) ఊదారంగు, పీటీకి (రక్తం గడ్డకట్టే సమయం) నీలం, ఇవి అందరికీ తెలుసు. నేను చూసేది వేరే. రక్తం తీశాక పేషెంటు ఎదురుగానే పేరు అడిగి ట్యూబు మీద రాస్తున్నాడా, లేక పొద్దున్నే పది ట్యూబులకి పేర్లు రాసి వరసగా పెట్టుకున్నాడా? రెండోవాడు ఎంత చురుకైనా తీసుకోను. ఏదో ఒక రోజు ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతిలో పెడతాడు. ఊదారంగు ట్యూబును మెల్లగా ఎనిమిది పది సార్లు తిరగేస్తున్నాడా, సీసా కడిగినట్టు ఊపేస్తున్నాడా అన్నది కూడా చూడండి.

మార్కుల సంగతికొస్తే, నెలలో ఎన్ని శాంపిళ్లు పాడై మళ్లీ తీయాల్సి వచ్చిందో ఒక పుస్తకంలో రాయించండి. అంతకంటే రేటింగ్ అక్కర్లేదు.

నైట్_డ్యూటీ
ఆ పుస్తకానికీ జీతానికీ ముడిపెడితే ఎవరూ నిజం రాయరండీ. మా దగ్గర అలాగే అయింది. మందు పొరపాట్లు సున్నా అని ఆరు నెలలు వచ్చింది. సున్నా ఎలా వస్తుంది?

నేను వరంగల్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుల ఇన్‌ఛార్జిని. ముందు డ్యూటీ చార్టు ఏ రోజుకారోజు సాయంత్రం వాట్సాప్‌లో పడేది. చెల్లెలి పెళ్లిచూపులున్నా బతిమాలుకోవాలి. నేను వచ్చాక 25వ తేదీకల్లా వచ్చే నెల చార్టు గోడకి అంటించాను. మార్చుకోవాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, నన్ను అడగక్కర్లేదు. అంతకుముందు ఏడాది ఏడుగురు మానేశారు, ఆ తర్వాత ఏడాది ఇద్దరే. జీతం రూపాయి కూడా పెంచలేదు.

కూకట్‌పల్లి_కోడర్
రూపాయి పెంచలేదని గొప్పగా చెప్పడం ఇక్కడే చూస్తున్నా మేడమ్.

నైట్_డ్యూటీ
పెంచే అధికారం నాకుంటే పెంచేదాన్ని. నా జీతమూ పెరగలేదు బాబూ.

ఫారాల_మనిషి
గుంటూరు అన్నా, 14 మంది అన్నావు. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కడుతున్నావు కదా? పది మంది ఉంటే తప్పనిసరి. బాగా చేసే అమ్మాయి జీతం ఇప్పుడెంత? ఎంత పెంచుదామనుకుంటున్నావు?

గుంటూరు_ల్యాబ్
కడుతున్నాం. 20,200 ఇస్తున్నాం. 1,500 పెంచుదామని.

ఫారాల_మనిషి
అనుకున్నాను. 21,700 అవుతుంది. ఈఎస్ఐకి నెలజీతం హద్దు 21,000. ఏప్రిల్ 1 నుంచి పెంచితే ఆ అమ్మాయి ఈఎస్ఐ నుంచి బయటికి పోతుంది. ఇంట్లో ఎవరైనా దాని మీద మందులు తెచ్చుకుంటున్నారేమో అడిగావా?

గుంటూరు_ల్యాబ్
అమ్మకి గుండె మందులు. నెలనెలా డిస్పెన్సరీ నుంచే తెస్తుంది. దానికోసం ప్రతి నెలా అరపూట పర్మిషన్ తీసుకుంటుంది. ఇంతవరకూ నాకిది తట్టనేలేదు.

ఫారాల_మనిషి
అయితే పెంపు మే నెల నుంచి ఇవ్వు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక కంట్రిబ్యూషన్ పీరియడ్ (వాటా కట్టే ఆరు నెలల గడువు), అక్టోబరు నుంచి మార్చి ఇంకోటి. పీరియడ్ మొదలయ్యే రోజు హద్దులోపల ఉండి మధ్యలో దాటితే ఆ పీరియడ్ అయ్యేదాకా కవర్ పోదు. అంటే సెప్టెంబరు 30 దాకా ఉంటుంది. కాకపోతే కోత పూర్తి 21,700 మీద పడుతుంది. నీ వాటా 3.25 శాతం, 705 చిల్లర. ఆమెది 0.75 శాతం, 163 దాకా. అక్టోబరు తర్వాత ఏం చేయాలో ఇప్పుడే ఆమెను కూర్చోబెట్టి మాట్లాడు. పెరిగిన జీతమా, ఈఎస్ఐ కార్డా అన్నది ఆమె ఇష్టం.

ఆడపిల్లలు ఎక్కువగా ఉన్న చోట ఇంకో మాట. ఈఎస్ఐలో ఉన్నవాళ్లకి 26 వారాల ప్రసూతి సెలవు జీతం ఈఎస్ఐ కార్పొరేషనే ఇస్తుంది, యజమాని జేబులోంచి కాదు. అది తెలియక పెళ్లయిన అమ్మాయిలను ఇంటర్వ్యూలోనే పంపేసేవాళ్లని చాలామందిని చూశాను.

ప్రైవేట్_బడి
ఇది నాకూ తెలియదు. పాత స్టాఫ్ తగ్గి తొమ్మిదికి వస్తే ఈఎస్ఐ మానేయొచ్చా?

ఫారాల_మనిషి
మానేయడానికి లేదు. ఒకసారి కవర్ అయితే సంఖ్య తగ్గినా కొనసాగుతుంది.

హెచ్ఆర్_22ఏళ్లు
ఇవన్నీ కంప్లయన్స్ విషయాలు. నేను మాట్లాడేది స్ట్రాటజీ.

టీచర్_కరీంనగర్
స్ట్రాటజీ ప్రకారం నా కమ్మలు ఎప్పుడొస్తాయి సార్?

గుంటూరు_ల్యాబ్
రెండు రోజులుగా రాయలేదు, క్షమించండి. నిన్న సాయంత్రం బీరువా తీశాను. 14 కవర్లు అనుకుంటే 19 ఉన్నాయి. అయిదు మానేసినవాళ్లవి. డబ్బులు కట్టలేక వదిలేశారో, అడగడానికి భయపడ్డారో. ఒకమ్మాయి టెన్త్ మెమో ప్లాస్టిక్ కవరుకి అతుక్కుపోయింది, లాగితే పుట్టినతేదీ దగ్గర అచ్చు ఊడి కవరు మీదకి వచ్చేసింది. డూప్లికేట్‌కి దరఖాస్తు ఖర్చు నేనే పెట్టుకుంటానని ఫోన్ చేశాను. ఆమె ఏమీ అనలేదు, సరే సార్ అని పెట్టేసింది. ఉన్నవాళ్లకి ఇవాళ పొద్దున అందరివీ ఇచ్చేశాను, జిరాక్సులు ఉంచుకున్నాను. ఇద్దరు మానేస్తారేమో చూడాలి.

పెంపు మే నుంచి. ఆ అమ్మాయి ఆలోచించి చెప్తానంది.

లేటుగా వచ్చేవాడి గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

సెంట్రిఫ్యూజ్
ఎక్కడినుంచి వస్తాడు?

గుంటూరు_ల్యాబ్
తెనాలి నుంచి, ప్యాసింజర్ బండికి.

సెంట్రిఫ్యూజ్
ఫాస్టింగ్ శాంపిళ్లకి వేరేవాళ్లను పెట్టి, ఇతనికి పది గంటల షిఫ్ట్ వేయండి. చంటిపిల్లల తల్లులు ఎలాగూ పొద్దున్నే రారు.

కిరాణా_కొత్త
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మాది సూపర్ మార్కెట్. స్టాఫ్ తొమ్మిది మంది. పదో మనిషి పొద్దున వచ్చి ఊడ్చి వెళ్లే ఆవిడ, రెండు గంటలే ఉంటుంది. నెలజీతం నేనే ఇస్తాను. ఆవిడ ఈఎస్ఐ లెక్కలోకి వస్తుందా?

ఫారాల_మనిషి
వస్తుంది. ఊడ్చేది మీ షాపే కదండీ.