అక్షితమా, అక్షితియా? శ్రవస్సు పక్కన ఉండే ఆ మాట

అరసున్న: ఇంద్రుణ్ణి తరగని కీర్తి అడిగే ఋక్కు ఒకటి. "పృథు శ్రవో బృహత్" దాకా వచ్చి ఆగిపోతోంది, శ్రవస్సంటే కీర్తి. చివర "అక్షితమ్" ఉందా, "అక్షితి" ఉందా? గ్రీకు కవి హోమర్ "క్లెఓస్ అఫ్థితొన్"తో, అంటే "తరగని కీర్తి"తో, జత కలిపేది దీన్నే కదా?

యడాగమం: ఋగ్వేదం 1.9.7, మధుచ్ఛందుడిది, గాయత్రి. "సం గోమదింద్ర వాజవదస్మే పృథు శ్రవో బృహత్ । విశ్వాయుర్ధేహ్యక్షితమ్." కాబట్టి అక్షితమే. మీకు అక్షితి తోస్తున్నది 1.40.4 వల్ల: "స ధత్తే అక్షితి శ్రవః." పోలిక చూపింది జర్మన్ భాషావేత్త అడాల్బర్ట్ కూన్, 1853లో. అయితే 1.9.7లో శ్రవస్సుకీ అక్షితానికీ మధ్య బృహత్, విశ్వాయుః, ధేహి ఉన్నాయి. రెండూ పక్కపక్కన కనబడేది 1.40.4 వంటి చోట్ల, అక్కడేమో మాట అక్షితి. పదబంధం మొత్తం సంస్కృతానికీ గ్రీకుకూ తల్లి అయిన మూలభాష నుంచి దిగిందనేవాళ్లు ఈ తేడాను దాటేస్తారు.

మాత్రాగణం: ఇలియడ్ 9.413లోనూ చిక్కుంది. "క్లెఓస్ అఫ్థితొన్ ఎస్తై" అంటే "తరగని కీర్తి ఉంటుంది" అనా, "కీర్తి తరగనిదవుతుంది" అనా? రెండోదే అని 1986లో పండితురాలు ఫింకెల్‌బర్గ్ వాదించారు. అదే నిజమైతే ఇది కవులు తరతరాలుగా వాడే నిలవ పదబంధం కాదు. గ్రీకు కవయిత్రి సాఫో 44వ ఖండికలో ఆ రెండు మాటలూ జంటగా ఉండటం చూస్తే నాకు ఆ వాదం పూర్తిగా మింగుడుపడదు.

పలకబలపం: అక్షిత, అక్షత ఒకటేనా? అక్షింతలు కూడా ఇక్కడివేనా?

యడాగమం: కావు. సంస్కృతంలో ఒక్క క్ష కింద నాలుగైదు పాత గుంపులు కలిసిపోయాయి. విడదీయాలంటే ముందు గ్రీకుతో పోల్చి చూడాలి. నశించడమనే క్షికి అక్కడ ఫ్థ్. నివసించడమనే క్షికి, అంటే క్షేత్రంలో ఉన్నదానికి, క్త్. గాయపరచడమనే క్షణ్‌కూ క్త్, అక్కడ చంపడం. అక్షతం దీని నుంచే, దెబ్బతినని గింజ. ఇరుసు అక్షంలో మాత్రం నిజంగానే క్స్. కాబట్టి అక్షతలకూ అక్షయానికీ చుట్టరికం లేదు. అక్షింతల్లో సున్న మన వాడుక చేర్చుకున్నది.

మాత్రాగణం: ప్రాకృతాన్ని వదిలేశారు. క్షీణానికి ఖీణతో పాటు ఝీణ కూడా ఉంది. ఆ ఝ ఊరికే రాదు, మూలంలో ఘ, ధ లాంటి నాదం ఉన్న మహాప్రాణం ఉండాలి. క్షర్ నుంచి ఝరి వచ్చిన దారీ ఇదే. మన "ఝరి"లో సంస్కృతం పోగొట్టుకున్న ధ్వని జాడ ఉంది!

అరసున్న: నా మనసు విశ్వాయుః దగ్గర ఆగింది. అది శ్రవస్సుకు విశేషణమైతే "ఆయువంతా నిలిచేది" అని. ఆయువుతో ఆగేది అక్షితం ఎలా అవుతుంది? ఇలియడ్ వీరుడు అకిలీస్ ట్రాయ్ దగ్గర నిలిస్తే కీర్తి, ఇంటికి పోతే నిండు ఆయువు, రెండూ దక్కవు. మధుచ్ఛందుడు ఆవులూ ఆయువూ కీర్తీ ఒక్క ఊపిరిలో అడుగుతున్నాడు. మాట ఒకటే కావచ్చు, లోకం ఒకటేనా?

యడాగమం: సమాజం చూడాలంటే 1.40.4 పూర్తిగా చదవండి. "యో వాఘతే దదాతి సూనరం వసు." స్తోతకు మంచి ధనం ఇచ్చినవాడికే ఆ అక్షితి శ్రవస్సు. శ్రవస్సు వినబడేది, వినిపించేవాడు కవి. దాత సొమ్ము ఇస్తాడు, కవి పేరు నిలబెడతాడు. సుశ్రవసుడికి పార్శీల పవిత్ర గ్రంథం అవెస్తాలో హఓస్రవహ్, గ్రీకులో యూక్లేస్ ఉన్నారు, ముగ్గురి పేరూ "మంచి కీర్తి గలవాడు" అనే.

పలకబలపం: అయితే పోతన బలి చెప్పింది అదే! "యశఃకాములై యీరే కోర్కులు వారలన్ మఱచిరే యిక్కాలమున్ భార్గవా." శిబి ఇచ్చాడు, పేరు మిగిలింది. సిరి మూటగట్టుకుపోలేరని చెప్పి, వెంటనే "పేరైనం గలదే" అనడంలో ఎంత బిగువు!

మాత్రాగణం: పద్యం అద్భుతం, సాక్ష్యంగా మాత్రం పనికిరాదు. అక్కడున్నది యశస్సు, శ్రవస్సు కాదు. భావం సంస్కృతం మీదుగా తెలుగుకు వచ్చి ఉండొచ్చు. మూలభాష పునర్నిర్మాణానికి ధ్వని, అర్థం రెండూ కుదరాలి. శ్రవస్సే కావాలంటే "స్వస్తి న ఇంద్రో వృద్ధశ్రవాః" ఉంది, గొప్ప కీర్తి గల ఇంద్రుడని.

అరసున్న: శ్రవస్సంటే చెవి కూడా కదా, మరి ఇంద్రుడి గుర్రం ఉచ్చైఃశ్రవస్సులో? నిక్కిన చెవులా, గొప్ప కీర్తా?

పలకబలపం: గుర్రం కనక చెవులే.

యడాగమం: వృద్ధశ్రవసుడికి కీర్తి, ఆయన గుర్రానికి చెవులా? ఒప్పుకోను.