కోచ్ బెంచీ వదిలి గీత మీదికొచ్చేస్తే? కబడ్డీ రిఫరీలు చెప్పండి

కొత్త విజిల్: అండర్-17 మ్యాచ్‌లకు రిఫరీగా పిలిచారు. రూల్స్ వచ్చు. కోచ్ అరుస్తూ మీదికొస్తే గొంతు వణక్కుండా ఎలా? కార్డు ఎప్పుడు తీయాలి? తర్వాత రిపోర్టు ఎలా రాయాలి?

పక్కగీత: ముందు నోట్లోంచి విజిల్ తియ్యి తమ్ముడూ. పళ్ళ మధ్య ఉంటే ఊపిరి పైపైనే ఆడుతుంది, కంగారులో ఊదేస్తావు కూడా. ఆయన నడిచొచ్చేలోపు ఊపిరి మొత్తం వదిలెయ్. ఛాతీ ఎదురుపెట్టి నిలబడకు, ఇద్దరూ కోర్టు వైపు చూసేలా పక్కకు తిరుగు. వేలు చూపించావో, అయిపోయావు. చెప్పేది ఒక్క ముక్క: "రెండో కాలు నేల మీదుంది, బోనస్ లేదు." "నాకలా అనిపించింది" అంటే వాదన తెల్లారదు.

రిటైర్డ్ పీఈటీ: అసలు ఆ బోనస్ (ఒక కాలితో బోనస్ గీత దాటి, రెండో కాలు గాల్లో ఉంచితే రైడర్‌కొచ్చే అదనపు పాయింటు) దగ్గరే సగం గొడవలు. లెక్క చూడండి. పురుషుల కోర్టులో కోచ్ కూర్చునేది తన ఎండ్ లైన్ వెనక. అక్కణ్ణుంచి మిడ్ లైన్ 6.5 మీటర్లు, ఆపైన రైడర్ దాటాల్సిన బాక్ లైన్‌కు 3.75, బోనస్ గీతకు ఇంకో మీటరు. 11 మీటర్ల పైమాటే. రైడర్ వీపు వెనక నుంచి చూస్తే గీత తొక్కాడో దాటాడో దేవుడికీ తేలదు. ఆయన అబద్ధమాడటం లేదు, ఆయనకు కనబడింది అంతే. ఇది బుర్రలో ఉంటే నీకు కోపం రాదు.

మట్టిబరి: మ్యాట్ కబుర్లు బాగున్నాయి సార్. సంక్రాంతి పోటీల్లో గీతే ఉండదు, పది కూతలకే చెరిగిపోతుంది. లేని గీత మీద ఎంత శాంతంగా తీర్పిచ్చినా కోచ్ ఊరుకోడు. హాఫ్ టైమ్ 5 నిమిషాల్లో మళ్ళీ గీయించండి. వెడల్పు 3 నుంచి 5 సెంటీమీటర్లు, సున్నం దట్టంగా.

తెల్లచొక్కా: సున్నమా! చెమట ఒంటికి తగిలితే మంట, కంట్లో పడితే ఆసుపత్రే. పట్టులో పిల్లల మొహాలు ఆ గీత మీదే పడేది. ముగ్గుపిండి వాడండి.

మట్టిబరి: ముగ్గుపిండి గాలికి లేచిపోతుంది. ఎన్ని బరులు గీయించాక చెబుతున్నాననుకున్నారు?

తెల్లచొక్కా: నీళ్ళు చల్లి, మట్టి అణిచాక గీస్తే లేవదు. ఎన్ని గీయిస్తే ఏం లాభం, ఆ మాత్రం తెలియకపోతే.

పక్కగీత: ఇద్దరూ బరి బయట కొట్టుకోండి. తమ్ముడూ, మాట్లాడేముందు టైమ్ ఆపించు. గడియారం తిరుగుతుంటే వెనకబడ్డ జట్టు కోచ్ రెండింతలు రేగుతాడు. రైడ్‌కున్నదే 30 సెకన్లు, ఆయనకు ప్రతి సెకనూ పాయింటే. ఇంకోటి, ఇచ్చిన తీర్పు మార్చకు. ఒకసారి మార్చావా, ఇక ప్రతి కూతకూ లేస్తాడు.

రిటైర్డ్ పీఈటీ: తప్పు. తప్పని తెలిశాక పట్టుకు వేలాడటం నిబ్బరం కాదు, మొండితనం. తర్వాతి రైడ్ మొదలవకముందే అంపైర్లిద్దరినీ పిలిచి, బెంచీలకు వినపడనంత దూరంలో అడిగి, ఒక్కసారే మార్చాలి.

పక్కగీత: 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్ చూశారా? లాబీ (కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీ) తీర్పు మీద ఇండియా, ఇరాన్ మ్యాచ్ దాదాపు గంట ఆగింది.

రిటైర్డ్ పీఈటీ: చూశాను కాబట్టే అంటున్నా. మార్చినందుకు కాదయ్యా, అటూ ఇటూ మార్చినందుకు. రైడర్ ఎవరినీ తాకకుండా లాబీలోకి వెళ్తే, వెంటపడ్డ డిఫెండర్ల సంగతేంటో మ్యాచ్‌కు ముందు ఇద్దరు కోచ్‌లనూ కూర్చోబెట్టి చెప్పాలి. రెండు నిమిషాల పని.

గ్రీన్‌కార్డు: ఇంత మర్యాద దేనికి? మొదటి అరుపుకే గ్రీన్, అంటే హెచ్చరిక. తర్వాత యెల్లో, ఆపైన రెడ్. నోరు మూసుకుంటారు.

తెల్లచొక్కా: మొదటి అరుపుకే తీస్తే చివరి 5 నిమిషాలకు నీ దగ్గర రెడ్డే మిగులుతుంది. తీర్పు మీద అరిస్తే వినాలి, మనిషిని తిడితే, కోర్టులో కాలు పెడితే కార్డు. తీసేటప్పుడు పరుగెత్తకు, నడిచి వెళ్ళు. చూపించి వెంటనే వెనక్కి తిరుగు. కార్డు చేతిలో పట్టుకుని ఉపన్యాసం వద్దు. ఆ కోచ్ నీకు చదువు చెప్పిన పీఈటీ సారే అయినా కోర్టులో "కోచ్ గారూ" అనే పిలువు, "సార్" అన్నావో సగం ఓడిపోయావు.

మట్టిబరి: అది మాత్రం నిజం.

కొత్త విజిల్: రిపోర్టు?

పక్కగీత: ఏ హాఫ్, ఎన్నో నిమిషం, అప్పటి స్కోరు, ఏ కార్డు. అన్న మాట అన్నట్టే, బూతుతో సహా. "దురుసుగా ప్రవర్తించాడు" అని రాస్తే అది నీ అభిప్రాయం, చెల్లదు. కోపం దిగకముందు రాయకు, కానీ ఆ రాత్రి దాటనివ్వకు.

తెల్లచొక్కా: సున్నం మాత్రం వాడకండి.